గోడకి అటువైపు

పాట చివరికొచ్చింది. ఇంకో నాలుగుసార్లు తీగ మీటితే రికార్డింగ్ అయిపోయేది.

సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు దబదబా బాదారు.

ఆ చప్పుడు కూడా మైకులోకి ఎక్కేసింది.

బేస్ గిటారిస్టు ఉసూరుమంటూ లేచాడు. మధ్యాహ్నం నుంచి అదే పాట వాయించడం అది ఆరోసారి.

గుమ్మంలో పక్కవాటా పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. అద్దెకొచ్చి రెండు నెలలైంది. ఒంటరి మనిషి. ఎవరు పలకరించినా తల ఊపి వెళ్లిపోతాడు.

"ఆ పెట్టె!" అని అరిచాడాయన. మెట్లెక్కుతున్న వాళ్లు ఆగి మరీ చూశారు. "ఆ పెద్ద పెట్టె! గోడ!"

పెద్ద పెట్టె అంటే గిటారు మోతని పెంచి వినిపించే యాంప్లిఫయర్. నడుమెత్తు ఉంటుంది. గది ఇరుకు కావడంతో రెండు వాటాల మధ్య గోడ పక్కనే పెట్టి, ముందు మైకు నిలబెట్టి గిటారిస్టు రికార్డు చేస్తుంటాడు.

"సౌండు ఎక్కువైందాండీ? తగ్గించమంటారా?"

పెద్దాయన అతని మొహంలోకి చూసి తల ఊపాడు.

"సరేనండీ, తగ్గిస్తాను."

తలుపు వేసేసి వచ్చాడు.

పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న భార్య తలెత్తకుండానే అంది. "పాపం, ఆయన మాత్రం ఎన్నాళ్లని ఓర్చుకుంటారు? నేనంటే కట్టుకున్న పాపానికి తప్పదు."

అతను నవ్వలేదు. నవ్వే ఓపిక కూడా లేదు.

ఇరవై రెండేళ్లుగా వాయిస్తున్నాడు. చప్పట్లు పాడినవాడికి, ఈలలు లీడ్ గిటారు వాడికి. బేస్ అంటే పాట అడుగున మోగే మంద్రస్వరం; పునాది చూసి ఇల్లు బాగుందన్నవాడు ఎక్కడా ఉండడు. 'ఇంతకీ పాటలో మీ వాయిద్యం ఏదండీ?' అని అడిగినవాళ్లే ఎక్కువ.

లోపం గిటారులో ఉందేమోనని నాలుగు తీగలది ఇచ్చేసి ఐదు తీగలది కొన్నాడు. ఏడాది తిరక్కుండా మళ్లీ నాలుగు తీగల దగ్గరికే వచ్చాడు. కాలితో తొక్కే పెడళ్లు ఏడు పోగుపడ్డాయి. ఒకటి మోతని బొంగురు చేస్తుంది, ఇంకొకటి అలలా ఊపుతుంది. మిగతావి ఎందుకు కొన్నాడో అతనికే గుర్తులేదు.

"ఎన్ని తొక్కినా నాకు అదే డుమ్ డుమ్ వినిపిస్తుంది," అనేది భార్య.

"నీకు అదైనా వినిపిస్తోంది," అనేవాడతను.

వారం తిరిగేసరికి పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికే వచ్చి, గోడని అరచేత్తో చరిచాడు.

"ఇక్కడ! ఇక్కడికి!"

ఎనిమిదోసారి వాయిస్తున్న పాట మధ్యలో ఆగిపోయింది. అతని సహనం కూడా.

"తగ్గించాను కదండీ! ఇంకెంత తగ్గించాలి? అసలు మానేయమంటారా?"

పెద్దాయన తల ఊపాడు. పైగా నవ్వాడు. అతని భుజం తట్టి మరీ వెళ్లాడు.

ఆ నవ్వుతో అతనికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడే యాంప్లిఫయర్ అమ్మేశాడు. అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి, మంచి హెడ్‌ఫోన్లు ఒక జత తెచ్చుకున్నాడు. గిటారు వైరు ఆ పెట్టెకి, పెట్టె వైరు కంప్యూటర్‌కి. ఇక మోతంతా అతని రెండు చెవుల మధ్యే.

"ఇన్నాళ్లకి మనింట్లో గడియారం ఉందని తెలిసింది," అంది భార్య.

తలుపు చప్పుళ్లు పడకుండా రికార్డింగులు శుభ్రంగా వస్తున్నాయి. కానీ తీగ మీటితే మునుపటిలా గుండెకి తగలడం లేదు. ఉప్పులేని కూడులా ఉంది.

స్టూడియో నుంచి మిక్సింగ్ చేసేవాడు ఫోన్ చేశాడు. "బేస్ భలే నీట్‌గా ఉందన్నా. పాటలో మాత్రం కొంచెం తగ్గించా, ఏమనుకోకు."

"అనుకోవడానికేముంది," అన్నాడతను.

నాలుగో రోజు సాయంత్రం పెద్దాయన మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు. పెట్టె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"పోయిందా?" అన్నాడు. ఈసారి అరవలేదు.

"పోయింది లెండి. ఇక మీకే బాధా ఉండదు."

పెద్దాయన ఆ ఖాళీ చోటుకేసి కాసేపు చూశాడు. తల ఊపకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను ట్రూపుతో ఊళ్లు తిరిగి నెలకి ఇల్లు చేరాడు. పక్కవాటా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల ఒకావిడ ఒక్కతే దుప్పట్లు మూటగడుతోంది.

"నేను ఆయన కూతుర్నండీ. ఆదివారాలు వచ్చి చూసి వెళ్లేదాన్ని. నాన్న పోయి పది రోజులైంది."

"అయ్యో!" అన్నాడతను. "నేను పక్కవాటాలో ఉంటానండీ. గిటారు వాయిస్తాను. నా సౌండుతో పాపం ఆయన్ని చాలా ఇబ్బంది పెట్టాను. తెలిశాక పెట్టె కూడా అమ్మేశాను."

ఆవిడ మూట కట్టడం ఆపేసింది.

"మీ సౌండుతో నాన్నకి ఇబ్బందా? ఆయనకి రెండు చెవులూ పోయి పన్నెండేళ్లండీ."

అతను గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"ముప్పై ఏళ్లు నేతమిల్లులో మిషన్ల మధ్య పనిచేశారు. చెవుడని తెలిస్తే లోకువైపోతానని ఎవరికీ చెప్పనిచ్చేవారు కాదు. ఎదుటివాళ్లు ఏమన్నా తల ఊపేయడమే."

"మరి మా ఇంటికి వచ్చి..."

ఆవిడ గోడవారగా ఉన్న మంచం చూపించింది. మంచం వెంబడి గోడ సున్నం, మనిషి వీపు వెడల్పున, అరిగి నున్నగా ఉంది.

"మీరు వాయిస్తున్నంతసేపూ గోడ అదురుతుంటే ఇక్కడ వీపు ఆనించి కూర్చునేవారు. పన్నెండేళ్లకి మళ్లీ ఒంట్లోకి పాటొచ్చిందే అమ్మా అని, 'ఆ పెద్ద పెట్టెని ఇంకాస్త గోడకి జరపమని అడిగితే ఆ అబ్బాయి సరేనన్నాడు' అని ఎంత మురిసిపోయారోనండీ."