అమ్మ కాదు, అత్త

గుమ్మంలో కొత్త మనుషులను చూసి మూడేళ్ళ పాప బెదిరిపోయింది. "అమ్మా" అంటూ, తనను పెంచుతున్న ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుంది.

"అమ్మ కాదు, అత్త" అంది ఆవిడ, ఆ వేళ్ళు మెల్లిగా విడిపిస్తూ.

పాపను దత్తత తీసుకోవడానికి, దత్తత కేంద్రం కౌన్సెలర్ వెంట వచ్చిన టీచరమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

దత్తత కుదిరేదాకా పసివాళ్ళను ఇంట్లో పెట్టుకుని చూడటం ఆవిడ పనట. పని పనిలాగే చేస్తోంది కాబోలు. నెలల గుడ్డుగా తెచ్చి పెంచిన పిల్ల ఒక్కసారి అమ్మా అంటే ఈవిడ సొమ్మేం పోయింది?

పాలు గోరువెచ్చగా ఉంటేనే తాగుతుందనీ, జోకొడితేనే నిద్రపోతుందనీ ఆవిడ ఏకరువు పెట్టింది. కంట్లో తడి లేదు. గడప దగ్గర మాత్రం కాస్త తటపటాయించింది.

"అప్పుడప్పుడూ ఫోన్ చేయొచ్చా అమ్మా?"

"వద్దులెండి. త్వరగా మరిచిపోతేనే దానికి మంచిది" అంది టీచరమ్మ.

ఆవిడ తలూపి తలుపు వేసుకుంది.

కొత్త ఇంట్లో పాప నోరు విప్పలేదు. బడినిండా పిల్లలకు మాటలు నేర్పే టీచరమ్మ, ఇంట్లో ఒక్క పిలుపు కోసం మొహం వాచిపోయింది. ఓపిక పట్టమన్నాడు భర్త. ఈ పిల్ల తనను ఎప్పటికీ అమ్మ అనుకోదేమోనని ఆమెకు ఒకటే బెంగ.

ఓ ఉదయం జడ వేస్తుంటే పాప వెనక్కి తిరిగింది.

"దారిలో ఉన్న అమ్మవు నువ్వేనా?"

ఎవరు చెప్పారని అడిగింది టీచరమ్మ.

"అత్త. అమ్మ దారిలో ఉంది, వచ్చాక పిలుద్దువుగాని అంది." పాప మళ్ళీ అటు తిరిగింది. "గట్టిగా లాగకమ్మా."

టీచరమ్మకు ఏడుపు ఆగలేదు. ఎంత మాట అనుకున్నాను ఆ మనిషిని అని సిగ్గేసింది. ఆ పూటే పాపను చంకనేసుకుని బయలుదేరింది.

ఆ ఇంటికి తాళం వేసి ఉంది. కౌన్సెలర్‌ను అడిగితే, ఇక పిల్లలను పెంచడం తన వల్ల కాదని చెప్పి ఆవిడ ఊరు విడిచి వెళ్ళిపోయిందంది. ఫోన్ నంబరు కూడా మార్చేసిందట.

"ఉన్నట్టుండి ఎందుకలా?"

కౌన్సెలర్ పాప వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఈ పాపను దత్తత ఇమ్మని మొదట అడిగింది ఆవిడేనండీ. ఆవిడకు వయసు దాటిందని కుదరలేదు. కుదరదన్న రోజే ఇంటికెళ్ళి, అమ్మా అంటున్న పిల్లకు అత్తా అనడం నేర్పింది."