వంపు హ్యాండిల్

ముందుగదిలో సోఫా గోడవారకి జరిగిపోయింది. దాని చోట్లో సైకిలు తలకిందులుగా నిలబడింది.

పాత ఉక్కు సైకిలు. గుట్టలెక్కడానికి చేసిన రకం. అతను పెళ్లికి ముందెప్పుడో కొన్నది, ఇన్నేళ్లూ మెట్లకింద బూజు పట్టి పడుంది. ఇప్పుడు దాని తిన్నని హ్యాండిల్ పీకేసి, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ బిగిస్తున్నాడు. అలా అయితే పట్టు మార్చుకుంటూ రోజంతా తొక్కినా చేతులు లాగవట. వెనక సామాన్ల స్టాండు, దానికి అటూ ఇటూ సంచులు. సముద్రం దాకా వెళ్లి, తీరం వెంబడే తొక్కుకుంటూ పోతాడట.

మళ్లీ ఎప్పుడొస్తారని భార్య అడిగితే, "చూద్దాం" అన్నాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఇన్నేళ్లూ ప్రింటింగ్ ప్రెస్సులో షిఫ్టులతోనే సరిపోయింది. ఆమె నిద్రలేచేసరికి అతను దుప్పటి ముసుగేసేవాడు. ముందుగానే రిటైర్మెంటు తీసుకుంటానంటే, పోనీలే, ఇకనైనా ఇంటిపట్టున ఉంటాడు, సాయంత్రం పూట ఇద్దరం కూర్చుని టీ తాగొచ్చు అనుకుంది. ఈయనగారేమో వీడ్కోలు సభలో మైకు చేతికిచ్చేసరికి ఊపొచ్చి, సైకిలు యాత్ర ప్రకటించి వచ్చాడు. హాలంతా చప్పట్లట. మర్నాడే ప్రెస్సువాళ్లు తలా ఒక సంతకం చేసిన హెల్మెట్ తెచ్చిచ్చారు. అది బీరువా మీదికెక్కింది. మరిది వచ్చినప్పుడల్లా దాన్ని తిప్పితిప్పి చూసి, ప్రయాణం ఎప్పుడన్నయ్యా, మా ఆఫీసులో కూడా చెప్పేశాను అనేవాడు.

ఆమె వద్దని నోరు తెరవలేదు. అన్ని చప్పట్లు పడ్డాక పెళ్లాం వద్దంటే ఆగిపోయాడని నలుగురూ ఏడిపించరూ? అందుకని వేరే దారి చూసుకుంది.

పాత బ్రేకులకీ కొత్త హ్యాండిల్ మీది బ్రేకు పిడికీ పొత్తు కుదరదట. పిడి ఎంత నొక్కినా వైరు చాలినంత లాగదట. మధ్యలో ఒక బుల్లి చక్రం వేస్తేగానీ బండి ఆగదు. కూర తరుగుతున్న ఆమెకు ఇదంతా అతనే పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ చక్రం కోటు గుండీ అంత ఉంటుంది. అతను స్నానానికి వెళ్లినప్పుడు దాన్ని గుప్పిట్లో పట్టుకెళ్లి, కుట్టుమిషను సొరుగులోని గుండీల డబ్బా అడుగున పడేసింది. బ్రేకు లేకుండా బయల్దేరేంత మొండివాడైతే కాదు.

అతను ఇల్లంతా గాలించాడు. చాపలెత్తి దులిపాడు. చీపురుపుల్లతో సోఫా కింద గెలికాడు. ముఖం కనబడకుండా ఆమె కూడా వంగి వెతికింది.

"దొరికినప్పుడే దొరుకుతుంది. మిగతా పని చూస్తా" అన్నాడు చివరికి.

మిగతా పనీ సాగలేదు. కొన్నాళ్లకి గేరు లివరు కనబడలేదు. ఆ తర్వాత సీటు బిగించే బోల్టు. ఇవి ఆమె ముట్టుకోలేదు. ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. మనిషి ఇక్కడున్నాడు గానీ మనసు అప్పుడే ఇసకలో నడుస్తోంది. చేతిలోది ఎక్కడ పెడుతున్నాడో తెలియనంత ఆత్రం.

"ముందుగదిలో బోల్టు దొరకలేదు, నీకు సముద్రం ఎలా దొరుకుతుంది నాన్నా?" అంది కూతురు.

"సముద్రం పెద్దది కదమ్మా."

పోనీ ఫోన్లో తెప్పించనా అంటే, చూడకుండా కొంటే కొలత కుదరదని కూతుర్ని కసిరాడు. సందు చివరి సైకిలు షాపులో అడక్కూడదా అంది ఆమె, చేసిన పని లోపల కుడుతుంటే. వాడి దగ్గర ఉండవులే అన్నాడు గుమ్మం దిగకుండానే.

రానురాను అతనికి కాలు ఒకచోట నిలవడం మానేసింది. ముందుగది నుంచి వసారాకి, వసారా నుంచి వంటింటికి. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. హ్యాండిల్‌కి చుట్టిన టేపు విప్పేవాడు, మళ్లీ చుట్టేవాడు. ఒకరోజు బీరువా మీది హెల్మెట్‌ని సంతకాలు కనబడకుండా గోడవైపు తిప్పేశాడు. చూస్తూ ఆగలేకపోతున్నాడు కాబోలు అనుకుంది.

మరిది ఫోను చేశాడు. ఆదివారం పొద్దున్నే ప్రయాణమని అందరికీ చెప్పేశాడట. ప్రెస్సువాళ్లు సాగనంపడానికి కెమెరాతో సహా వస్తున్నారట.

ఫోను పెట్టేసి అతను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. కళ్లముందే బస్సు వెళ్లిపోయినవాడిలా ఉంది వాలకం.

"ఏమండీ, అంతగా వెళ్లాలనుందా?" అంది.

అతను ఇటు తిరగలేదు.

"అందరికీ చెప్పేశాం కదా."

ఆ గొంతు విన్నాక ఆమె మనసు నీళ్లయిపోయింది. ఇష్టంలేకుండా కట్టిపడేసిన మనిషి పక్కన కూర్చుని టీ తాగితే మాత్రం ఏం రుచి? చక్రం ఇచ్చేస్తే సరి. సోఫా సందులో దొరికిందని చెప్పొచ్చు. మిగతావి ఎక్కడ పారేసుకున్నాడో, ఎలాగూ అవీ తనే వెతికిపెట్టాలి.

అది దాచినప్పటి నుంచీ ఆమె కుట్టుమిషను జోలికే పోలేదు. ఇప్పుడు సొరుగు లాగింది. డబ్బా మూత తీసి గుండీలు పక్కకి నెట్టింది.

చక్రం తను పెట్టినచోటే ఉంది, దాని పక్కనే అతని చేతిరుమాల్లో జాగ్రత్తగా మూటగట్టి గేరు లివరూ, సీటు బోల్టూ ఉన్నాయి.