ఒక్క మార్కు తక్కువ

“పోయినసారి నువ్వు ఆవిడకి భర్త చనిపోయాడని చెప్పినట్టు లేదు, ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టుంది,” అంది మేడమ్ పక్కగదిలో కెమెరా తెర సరిచూసుకుంటూ. “ఈసారైనా కాస్త మనసు పెట్టు.”

అమ్మాయి తల ఊపింది. ఫిజీషియన్ అసిస్టెంట్ పీజీలో అన్నీ గట్టెక్కి, ఈ ఒక్క పరీక్ష దగ్గరే బోల్తా పడింది. రోగి చనిపోయాడన్న కబురు ఇంటివాళ్లకి చెప్పడమే ఆ పరీక్ష. నాటక సమాజం నుంచి వచ్చిన నటి భార్యగా కూర్చుంటుంది. ప్రతిసారీ కొత్త ముఖమే. మేడమ్ ఆ తెర మీద చూస్తూ మార్కులు వేస్తుంది.

ఇది పాసైతే గుండె సర్జన్ గారి బృందంలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. తప్పితే ఆ చోటు ఇంకొకరిది. ఇంట్లో మేనత్త పాట ఎలాగూ ఉండనే ఉంది: “డాక్టరూ కాదు, నర్సూ కాదు, రెంటికీ చెడ్డ రేవడివి అయ్యావు కదే!” రేవడి ఎవరో అత్తకీ తెలియదు. అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

కాలేజీకి రంగులు వేస్తున్నారని ఈసారి పరీక్ష ఆసుపత్రిలోనే, గుండె విభాగం చివరి గదిలో పెట్టారు. వరండాలో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. అమ్మాయి జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి తలుపు తోసింది.

ఆవిడ అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్లో ఫ్లాస్కు, దాని మీద మడతపెట్టిన మగవాళ్ల స్వెట్టరు. సరంజామాతో సహా దిగింది మహాతల్లి, అనుకుంది అమ్మాయి.

“ఇంకా ఎంతసేపు పడుతుందమ్మా?” అంటూ ఆవిడ లేచింది.

బట్టీపట్టిన వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“కూర్చోండమ్మా. ఆపరేషన్ గురించి ఒక మాట చెప్పాలి. మంచి కబురు కాదు.”

“ఏమైంది? పొద్దున నవ్వుతూనే వెళ్లారు కదా! బయటికి రాగానే చలేస్తుంది, స్వెట్టరు దగ్గర పెట్టుకోమన్నారు.”

ఈ స్వెట్టరు సంగతి ప్రశ్నలో లేదు. నటి సొంతంగా కల్పిస్తోంది.

“మధ్యలో గుండె ఆగిపోయిందమ్మా. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఆయన చనిపోయారు.”

‘దక్కలేదు’, ‘లేరు’ అంటూ నాన్చకూడదన్నది పాఠం. నాన్చలేదు.

ఆవిడ ఏడవలేదు. స్వెట్టరు మడత విప్పింది, మళ్లీ మడిచింది, మళ్లీ విప్పింది.

“చలికి ఓర్చుకోలేరమ్మా ఆయన,” అంది.

అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లబడిపోయి ఉన్నాయి. నటన అని తెలిసినా అమ్మాయికి దుఃఖం ఆగలేదు.

“మా అబ్బాయికి చెప్పాలి,” అంటూ ఆవిడ లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచింది. ఫ్లాస్కు కుర్చీ పక్కనే మిగిలిపోయింది.

మేడమ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. “ఇన్నేళ్లలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం నీదే అనుకో. ఒక్క మార్కు మాత్రం కోశాను.”

“ఎందుకు మేడమ్?”

“పేరు అడగలేదు. ఎవరితో మాట్లాడుతున్నావో ముందు తెలుసుకోవాలి. మొదటి పాఠమే అది.”

“నటే కదా అని మర్చిపోయాను,” అంటూ అమ్మాయి నవ్వేసింది. ఎన్నాళ్ల బరువో దిగినట్టుంది. రేవడి ఒడ్డెక్కిందని అత్తకి ఫోన్ చెయ్యాలి.

ఇంతలో తలుపు తోసుకుని, రొప్పుతూ ఒక స్త్రీ లోపలికి వచ్చింది. మొహానికి దట్టంగా పట్టించిన పౌడరు చెమటకి చారలు కట్టింది.

“ఆలస్యమైంది మేడమ్, భార్య వేషం నాదే.”