హౌజులో మూడు దెబ్బలు

నాచారంలో మా పెరట్లో చేపల హౌజు, అంటే గోడలు కట్టిన పెద్ద నీళ్ల తొట్టి, ఉండేది. రోజూ దాని గోడ మీద మూడుసార్లు తట్టి మెతుకులు వేసేవాణ్ణి. ఆ చప్పుడుకే చేపలు వచ్చేవి.

గుర్రపుడెక్క కమ్ముకుని వాటికి ఊపిరాడటం లేదని, ఒకనాడు కార్ఖానా నుంచి రాగానే పీకడానికి దిగాను. చీకటిపడింది. ఎక్కబోతే కాళ్లు బురదలోంచి రాలేదు. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. కేకేస్తే మా ఆవిడ లూర్దమ్మ వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని లాగింది.

"చేపల మీదున్న పాయిరం నా మీద లేదు నీకు. జర కదులు!"

"కదలస్తలేదే. ఇంకింత లోపలికే పోతున్న."

అప్పుడు నీళ్ల అడుగున గోడకు మూడు దెబ్బలు వినిపించాయి. చేపలన్నీ నా కాళ్ల దగ్గరికి దిగాయి.

"గిప్పుడు మెతుకులేడియి? కొట్టకు," అంది.

"నా రెండు చేతులు నీ చేతులల్లనే ఉన్నయ్ గదనే."

లూర్దమ్మ నా చేతుల వంక చూసింది. ఆమె పట్టు సడలింది.