బొటనవేలు, చిటికెనవేలు

"ముందుకు పోవడం లేదు!"

లుదివిన్ ముందుకు నడిపే జెడ్ కీని మళ్లీ మళ్లీ కొట్టింది. తెరమీది సైనికుడు కదల్లేదు. ఎడమకు వెళ్లే క్యూ నొక్కింది. అదీ పనిచెయ్యలేదు. వెనక్కీ కుడికీ మాత్రం నడుస్తున్నాడు.

"సైనికుడనుకున్నా. పీతని తెచ్చావా?" ఫ్రైస్ నములుతూ నవ్వాడు స్నేహితుడు గోతియే.

"నోర్మూసుకో. ఇప్పుడేగా సెట్టింగుల్లో సరిచేశాను!"

సరిచేసిన ప్రతిసారీ బాగవుతోంది. కాసేపటికి మళ్లీ మొదటికొస్తోంది. కీబోర్డు మార్చి చూసింది. ఆట మూసి తెరిచింది. బెల్జియంలోని లియేజ్ ఊళ్లో, ఆటల పోటీ జరిగే ఆ హాలంతా కీల టకటక. ఆ చప్పుడు ఆమె పళ్లలో తిరుగుతోంది.

పోటీకి పిలిచేలోగా తేలాలి. గెలిస్తే బ్రస్సెల్స్ జట్టులో చోటు. ఓడితే సోమవారం మళ్లీ గిడ్డంగిలో పార్సిళ్లకు చీటీలు అంటించడమే.

పైగా ఎదుటివాడు బ్యుజార్. రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో ఇదే ఆటలో ఆమెను వేటాడుతున్నవాడు. మొహం తెలియదు, గొంతు తెలియదు. ఆ పేరు తెరమీద కనబడితే చాలు, అరచేతులు చెమరుస్తాయి.

"ఒకసారి ఆడండి. నేను చూస్తాను."

వెనక ఎవరో నిలబడి ఉన్నాడు. మోచేతి దగ్గర చిరిగిన బూడిదరంగు స్వెట్టర్. డచ్చి మాట్లాడే ఉత్తరాది యాసతో, బళ్లో నేర్చుకున్న ఫ్రెంచి.

"ఫ్లెమిష్ దొరగారు వేంచేశారు," గొణిగాడు గోతియే.

ఆమె ఆడింది. అతను తెరను చూడలేదు. ఆమె ఎడమచేతినే చూశాడు.

"చిటికెనవేలు షిఫ్ట్ మీద, పరుగెత్తడానికి. బొటనవేలు ఆల్ట్ మీద, వంగడానికి. రెండూ కలిపి నొక్కితే కంప్యూటర్లో కీల అమరిక ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకి మారిపోతుంది. జెడ్, క్యూ చోట్లు తప్పుతాయి. మీ ఇంట్లో దానికి ఒక్క భాషే ఉండుంటుంది. ఇక్కడ రెండున్నాయి."

"ఇప్పుడు ఆడాగా? బాగానే ఉందే!"

"ఇప్పుడు భయం లేదు. భయం వేస్తేనే మీరు పరుగెత్తుతూ వంగుతారు."

ఆమె చెవులు వేడెక్కాయి. గడియ వేసుకున్న గదిలోకి ఎవరో వచ్చి కూర్చున్నట్టుంది.

"నేను భయపడటం నువ్వెప్పుడు చూశావ్?"

"చాలాసార్లు. నేను..."

"నీ చరిత్ర ఎవడడిగాడు?"

"వంగడానికి వేరే కీ పెట్టుకోండి. లేదా, మారినప్పుడు ఆ రెండు కీలే మళ్లీ నొక్కండి. ఫ్రెంచి తిరిగొస్తుంది."

"ఆరేళ్ల అలవాటు. పోటీ ముందు నా వేళ్లు మార్చమంటావా? ఎవరు పంపారు నిన్ను?"

అతను ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే తెరవైపు తిరిగింది. అతను వెళ్లిపోయాడు.

"బాగా పెట్టావ్ గడ్డి!" అన్నాడు గోతియే.

పోటీ మొదలైంది. అడ్డుగోడకు అవతల బ్యుజార్. ఇద్దరూ చెరొక ఆట గెలిచారు.

చివరి ఆట. మెట్లమీద బ్యుజార్ అడుగుల చప్పుడు. ఆమె వేళ్లు ఆమెను అడక్కుండానే కదిలాయి.

జెడ్ చచ్చిపోయింది.

బ్యుజార్ గుమ్మంలోకి వచ్చాడు. కాల్చలేదు. తుపాకీ దించి అలాగే నిలబడ్డాడు.

వెక్కిరిస్తున్నాడు, అనుకుంది. స్వెట్టర్ వాడి మాట గుర్తొచ్చింది. రెండు కీలు, ఒక్క నొక్కు. కానీ నొక్కితే సైనికుడు వంగుతాడు, వీడి కళ్లెదుటా? నవ్వుకోడూ?

బ్యుజార్ ఇంకా నిలబడే ఉన్నాడు.

ఆమె ఆ కీలు నొక్కలేదు, కాల్చింది. గురి తప్పింది.

అప్పుడు అతను కాల్చాడు.

హాలు చప్పట్లతో మోగింది. ఆట అయ్యాక చేతులు కలపడం ఇక్కడి ఆచారం. లుదివిన్ తల దించుకునే లేచి చెయ్యి చాపింది.

దాన్ని మెల్లగా అందుకున్న బ్యుజార్ స్వెట్టర్, మోచేతి దగ్గర చిరిగి ఉంది.