చెరువు వైపు బెంచీ

ఆ రోజు కూడా మాండు వాళ్ళమ్మకి బెంచీ దొరకలేదు.

చెరువు పక్క కుక్కల పార్కులో, చిన్న కుక్కల ఆవరణ మొత్తానికీ నీడలో ఉన్న బెంచీ అదొక్కటే. దాని వెనకే ఇనుప కంచె. కంచె అవతల నీళ్ళు, రెల్లు, బాతులు. ఆగస్టు ఎండలో కూడా అక్కడ చల్లగాలి తగులుతుంది.

బోరి వాళ్ళమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. ఎప్పటిలాగే సరిగ్గా మధ్యన, మడమలు బెంచీ కిందకి మడుచుకుని, ఒళ్ళో కుక్కని కట్టే ఎర్రతాడు పెట్టుకుని.

ఆ పార్కులో మనుషుల పేర్లు ఎవరూ అడగరు. కుక్క పేరుతోనే పిలుస్తారు. మాండు వాళ్ళమ్మ, కొంగి వాళ్ళమ్మ, బోరి వాళ్ళమ్మ.

బోరిని మాత్రం ఎవరూ చూడలేదు.

మాండు నిజానికి మాండు వాళ్ళమ్మది కాదు, కొడుకు కిహోది. ఆ దేశంలో ప్రతి కుర్రాడూ చేయాల్సిన ఏడాదిన్నర సైన్యం కొలువుకి వెళుతూ, ఆ తెల్ల బొచ్చుకుక్కని ఆమె చేతుల్లో పెట్టి, "నేనొచ్చేసరికి వీడు ఇట్లాగే ఉండాలమ్మా" అన్నాడు.

అప్పటినుంచీ ఆమెకి రెండు భయాలు. ఒకటి సరిహద్దులో ఉంది, రెండోది ఇంట్లో తోక ఊపుతూ తిరుగుతోంది.

టీకాలన్నీ వేయించింది. మాండు మెడలో బిళ్ళ మీద ఫోన్ నంబరు వారానికోసారి సరిచూసుకుంటుంది. పార్కుకొస్తే మొదటి తలుపు గడియ పడ్డాకే రెండో తలుపు తీస్తుంది. జనం ఎక్కువున్న రోజు తినేదేదీ సంచిలోంచి తీయదు, కుక్కలు కొట్టుకుంటాయని.

ఇంత చేస్తే, తాడు విప్పగానే మాండు పరిగెత్తేది బోరి వాళ్ళమ్మ దగ్గరికి.

"ఇంట్లో నేను పిలిస్తే చెవి కూడా కదపడు" అని కొంగి వాళ్ళమ్మతో వాపోయింది.

"ఎండుచేప ముక్కలు జేబులో పోసుకొస్తుందేమో చూడక్కా" అంది కొంగి వాళ్ళమ్మ.

చూసింది. జేబులో ఏమీ లేదు. అదే ఇంకా మండింది.

పోనీ ఆమె మాండుని ముద్దు చేస్తుందా అంటే అదీ లేదు. వాడు బెంచీ కింద దూరబోతే కాలు అడ్డం పెట్టి వెనక్కి నెడుతుంది. వాడు సిగ్గు లేకుండా మళ్ళీ వెళతాడు. కన్నకొడుకు పోయి పక్కింటావిడ కొంగు పట్టుకున్నట్టుండేది మాండు వాళ్ళమ్మకి.

ఒకసారి బోరి వాళ్ళమ్మే పిలిచి, "మాండుని ఈ వైపు..." అని ఏదో చెప్పబోయింది.

"నా కుక్క సంగతి నాకు తెలుసండీ" అని మాండు వాళ్ళమ్మ మధ్యలోనే తుంచేసింది.

ఆ రోజు మాండు ఐదోసారి అటు పరిగెత్తాక, ఇక ఓర్చుకోలేక కాపలా పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన మొన్న వసంతంలోనే కొత్తగా చేరాడు. కుక్క లేనివాళ్ళు లోపలికి రాకూడదని బోర్డు మీద ఉందా లేదా అని అడిగింది. ఉందన్నాడు. బెంచీ వైపు చూపించింది.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, మీ కుక్క ఏదమ్మా అని బోరి వాళ్ళమ్మని నెమ్మదిగా అడిగాడు. ఆమె తాడు వైపు చూసుకుని, లేదంది. రూలు కదమ్మా అన్నాడు.

బోరి వాళ్ళమ్మ లేచింది. వెళ్ళేముందు మాండు వాళ్ళమ్మ దగ్గర ఆగింది.

"ఇక్కడ కూర్చునేది మీరేగా? కాళ్ళు వెనక్కి పెట్టుకుని కూర్చోండి. చాచకండి."

ఆమె తలుపు దాటిందో లేదో, "పోతూ పోతూ నీకు కూర్చోవడం నేర్పించి పోయింది" అంది కొంగి వాళ్ళమ్మ. అందరూ నవ్వారు. మాండు వాళ్ళమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

మరుసటి శనివారం ఆమె అందరికన్నా ముందొచ్చి బెంచీ మీద కూర్చుంది. కావాలనే కాళ్ళు బారచాపుకుంది.

తాడు విప్పగానే మాండు ఎక్కడికీ పోలేదు. నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

ఆమె వాడి తల నిమిరింది. "తెలిసిందిరా ఇప్పటికి, నీకు ఎవరున్నారో" అంది. ఫొటో తీసి కిహోకి పంపింది. నన్ను వదలడం లేదు నీ కుక్క, అని రాసింది.

ఫోన్లోంచి తలెత్తేసరికి మాండు లేడు.

బెంచీ కిందకి వంగి చూసింది. కంచె అడుగున మట్టి కుంగి, జానెడున్నర సందు. తీగకి తెల్ల బొచ్చు. అవతల నిటారు గట్టు, దాని కింద నీళ్ళు. బాతులు అరుస్తూ లేచిపోతున్నాయి.

ఆమె కేక విని పెద్దాయన బూట్లతోనే చెరువులోకి దిగాడు. రెల్లులో చిక్కుకుని మునుగుతూ తేలుతూ ఉన్న మాండుని, మొలలోతు నీళ్ళలోంచి ఎత్తుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. వాడు నీళ్ళు కక్కి, వణుకుతూ, మళ్ళీ బాతుల వైపే చూశాడు.

వాడు ఇన్నాళ్ళూ ఎవరి కోసం ఆ బెంచీ దగ్గరికి పరిగెత్తాడో ఆమెకి అప్పుడు తెలిసింది.

పెద్దాయన వంగి సందులో చెయ్యి పెట్టి చూశాడు. "ఇది నిన్నా మొన్నటిది కాదమ్మా. ఏళ్ళ నాటిది. ఒక్క కుక్కయినా పోలేదంటే ఎట్లాగో మరి" అని, "తీగ తెచ్చి కట్టేస్తాను. అందాకా మీరు కాస్త అడ్డంగా కూర్చోండి" అంటూ వెళ్ళాడు.

మాండుని గుండెకి హత్తుకుని ఆమె బెంచీ మధ్యన కూర్చుంది. మడమలు వెనక్కి మడిచింది. అక్కడ మట్టిలో అరిగి అరిగి ఏర్పడిన రెండు గుంటల్లో అవి సరిగ్గా సర్దుకున్నాయి.

తల వంచి చూస్తే, ఆమె కుడి మడమ పక్కన, కంచె అడుగు తీగకి ఎర్రదారంతో కట్టిన ఒక కుక్క బిళ్ళ కనిపించింది. చుట్టూ తుప్పు పట్టినా, 'బోరి' అన్న రెండక్షరాలు మాత్రం రోజూ ఎవరో వేలితో తుడిచినట్టు మెరుస్తున్నాయి.