ఎడమ కాలి జాడ

ఎర్రమట్టి టెన్నిస్ కోర్టు మీద పైడితల్లి గొంతుక్కూచుని ఒక బూటు జాడను జానతో కొలుస్తోంది.

సర్వీసు కొట్టాక ఎడమ కాలు గీత దాటి లోపల పడిన చోటు అది. గీత నుంచి జాన మీద నాలుగు వేళ్ళు.

పోయిన వారం నిండుగా రెండు జానలు ఉండేది.

ఆమె ఇంకోసారి కొలిచింది. తర్వాత లేచి, చీపురు తీసుకుని జాడలన్నీ ఊడ్చేసింది. ఊడవడమే ఆమె ఉద్యోగం.

సముద్రం దాటి ఈ దేశానికి వలస వచ్చిన పైడితల్లి తాత, అహ్లోన్ పేటలో బియ్యం మిల్లు పని మానేసి ఈ క్లబ్బులో రోలరు లాగాడు. అప్పటినుంచీ ఇక్కడ ఒకటే పద్ధతి. ఆడవాళ్ళు ఊడుస్తారు, నీళ్ళు చల్లుతారు, తాడు కొస పట్టుకుని కూర్చుంటారు. తాడు వెంట సున్నం గీత గీసేది మాత్రం మేస్త్రి. మేస్త్రి అంటే మగాడే.

ఇప్పటి మేస్త్రి అచ్చెన్న, ఆమె చనిపోయిన మొగుడికి అన్న.

ముప్పై ఏళ్ళుగా పైడితల్లి తాడు పడుతోంది. కుంచె ఒక్కసారీ చేతికివ్వలేదు. ఆడదాని చెయ్యి వణుకుతుందట. ఆ చేత్తోనే రోజూ గుమ్మం ముందు చుక్క తప్పకుండా ముగ్గు వేస్తుంది. అది ఎవరికీ కనపడదు.

ఆదివారం కప్పు ఫైనల్. కో తురాకీ, కో ఫ్యోకీ మధ్య. ఇక్కడివాళ్ళ మాటలో కో అంటే అన్న.

క్లబ్బు ఎదుట టీ కొట్లో చేపల పులుసు పోసిన సేమ్యా, మొహింగా తింటూ మగాళ్ళంతా ఇద్దరినీ తూకం వేస్తున్నారు.

"తురా డేగ. ఆడు కొడితే బంతి కంటికి ఆనదు," అన్నాడు అచ్చెన్న. "ఫ్యో కాకి. ఎంత కొట్టినా తిరిగి ఏస్తాడు గాని, సంపే దెబ్బ నేదు."

వరసకి ఆయన తమ్ముడి కొడుకు సుభాష్ ఫోను చూస్తున్నాడు. "హెడ్ టు హెడ్ ఫోర్ జీరో, పెద్దనాన్నా. నాలుగూ తురావే."

"ఫ్యో గెలుస్తాడు," అంది పైడితల్లి, టీ గ్లాసు అందుకుంటూ.

అందరూ నవ్వారు. కొట్టువాడు కూడా నవ్వాడు, వాడికి తెలుగు రాకపోయినా.

"ఊడిసేదానివి, నీకేటి తెలుసే?" అన్నాడు అచ్చెన్న.

"మా తాత సెప్పీవోడు బావా. కోడి ఈకలు సూసి కాదు, కాలు సూసి పందెం కాయాలని."

"కాస్తావేటి మరి?"

"కాస్తాను. ఫ్యో గెలిస్తే గీతలు నాను గీస్తాను."



అచ్చెన్న మీసం దువ్వుకున్నాడు. "ఓడితే నీ సీపురు మా కోడలు హైమకి ఒగ్గీ. ఇంటికాడ కూకో."

చీపురు పోతే కూడు పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"సరే," అంది పైడితల్లి.

సుభాష్ వెంటపడ్డాడు. "ఎందుకు పిన్నీ? రీజన్ సెప్పు."

చెప్పలేదు. చెబితే అందరూ ఫ్యో మీదే కాస్తారు, ఇక పందెం ఎవరితో?

ఇంటికెళ్ళాక మాత్రం భయం వేసింది. నాలుగు వేళ్ళ మట్టిని నమ్మి నోటి కాడి కూడు పందెం ఒడ్డింది మరి.

ఆదివారం మొదటి సెట్టు తురా ఆరు రెండుతో లాగేశాడు.

అచ్చెన్న కోర్టు పక్క బల్ల మీద ఉన్నాడు. గీత గీసినవాడికి ఫైనల్ రోజు ఆ బల్ల మీద కూర్చునే హక్కుంది. అక్కణ్ణుంచి తల తిప్పి, ఇనప వల వెనక నిలబడ్డ పైడితల్లిని చూసి నవ్వాడు.

ఆమె ఆయన్ని చూడలేదు. బంతినీ చూడలేదు. అందరి తలలూ అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె ఒక్కతే నేలని చూస్తోంది.

తురా జాడ జానకి వచ్చింది. రెండో సెట్టు సగమయ్యేసరికి బెత్తెడు.

ఫ్యో అన్నీ తిరిగి వేస్తున్నాడు. ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి. పరిగెత్తించడం తప్ప ఏమీ చెయ్యడం లేదు.

ఏడు ఐదు. రెండో సెట్టు ఫ్యోది.

మూడో సెట్టులో తురా ఎడమ కాలు గీత మీదే పడింది. సర్వీసు నెట్టుకి తగిలింది. మళ్ళీ తగిలింది.

"ఆడికేటైంది?" అని సుభాష్ గొణిగాడు.

"వారం కిందటే అయింది," అంది పైడితల్లి.

ఆరు ఒకటి. ఫ్యో మోకాళ్ళ మీద కూలబడి మట్టిని ముద్దు పెట్టుకున్నాడు. తురా కుర్చీలో కూర్చుని ఎడమ మోకాలికి ఐసు పెట్టించుకుంటుంటే అప్పుడు చూశారు అందరూ.

పైడితల్లి వల పట్టుకుని ఏడ్చింది. సంతోషానికే. ఇంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు, ఆ మాట ఎవరి దగ్గర చెప్పుకుంటుంది?

సోమవారం తెల్లవారి ఆరింటికి అచ్చెన్న రాడేమో అనుకుంది.

వచ్చాడు. సున్నం బకెట్టు, కుంచె ఆమె ముందు పెట్టాడు. ముఖం చూస్తే వేపాకు నమిలినట్టుంది. గాని మాట తప్పే మనిషి కాదు.

"పల్చగా కలిపినాను," అన్నాడు.

తాడు కొస ఒకటి ఆమె మేకుకి కట్టింది. రెండోది పట్టుకోవడానికి ఎవరూ లేరు. సుభాష్ ఇంకా నిద్ర లేవలేదు, హైమ నీళ్ళు మోస్తోంది.

అచ్చెన్న కాసేపు నిలబడ్డాడు. తర్వాత కోర్టు అవతలికి నడిచి, లుంగీ సర్దుకుని, తాడు పట్టుకుని గొంతుక్కూచున్నాడు.

పైడితల్లి కుంచె ముంచింది. తాడు వెంట ఒక కన్ను మూసి చూసింది.

"బావా, కొంచెం ఇటేపు జరుపు."

మేస్త్రి జరిపాడు.